మడమ వెనక నొప్పి: పరుగు ఆపాలా, కొనసాగించాలా?

ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్ కోసం జూన్, జూలై నెలల్లో చాలామంది తమ పరుగు దూరాన్ని వారం వారం పెంచుకుంటూ పోతారు. వీళ్లలో ఎక్కువమంది పోటీ అథ్లెట్లు కాదు. ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ తెల్లవారుజామున కేబీఆర్ పార్కు చుట్టూనో నెక్లెస్ రోడ్డు మీదో పరిగెత్తేవాళ్లు. దూరం పెరిగే ఈ రోజుల్లోనే వాళ్ల మాటల్లో ఒక బాధ తరచూ వినిపిస్తుంది. పొద్దున మంచం దిగగానే మడమ వెనక పట్టేసినట్టు ఉంటుంది, పది అడుగులు వేస్తే సర్దుకుంటుంది. పరుగు మొదట్లో నొప్పి పెడుతుంది, ఒళ్లు వేడెక్కాక పోతుంది, మర్నాడు పొద్దున మళ్లీ వస్తుంది.

సలహాలకు కొదవ ఉండదు. ఒక డాక్టరు ఆరు వారాలు పరుగు మానేయమంటారు. ఫిజియో పిక్కలకు బరువులతో వ్యాయామం చేయమంటారు. తోటి రన్నరు ఐస్ పెట్టి, బాగా స్ట్రెచ్ చేసి పరిగెత్తెయ్యమంటాడు. ఇంకెవరో ప్లాస్మా ఇంజెక్షన్ సంగతి చెబుతారు. అందరూ నమ్మకంగానే చెబుతారు. వినేవాళ్లకు మాత్రం టెన్షన్ పెరుగుతుంది. నిజానికి ఈ సలహాలు చాలావరకు గత నాలుగు దశాబ్దాల పరిశోధనలో ఒక్కో దశ నుంచి వచ్చినవే. ఒక తేడా మనసులో పెట్టుకుంటే వీటిని విడదీసి చూడటం తేలికవుతుంది. నొప్పి తగ్గడం వేరు, టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) బరువు తట్టుకునే శక్తి పెరగడం వేరు. మొదటిది జరగగానే రెండోది కూడా జరిగిపోయిందని అనుకోవడం వల్లే చాలామందికి అదే నొప్పి తిరగబెడుతుంది.

ఆ టెండన్ మీద పడే బరువెంత?

పిక్కలో రెండు పెద్ద కండరాలుంటాయి. పైన ఉబ్బెత్తుగా కనిపించేది గాస్ట్రోక్నీమియస్. దాని కింద దాగి ఉండేది సోలియస్. ఈ రెండూ కిందికి వచ్చి కలిసి మడమ ఎముకకు అతుక్కునే గట్టి పట్టీయే అకిలీస్ టెండన్. మన శరీరంలో అన్నిటికన్నా మందమైన, బలమైన టెండన్ ఇదే. పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. చాలామంది దీన్ని నరం అంటారు గానీ, స్పర్శను మోసే నరంతో దీనికి సంబంధం లేదు. ఇది కండరం లాగిన లాగుడును ఎముకకు చేర్చే కణజాలం. పాదం నేలను తాకినప్పుడు సాగి, నేలను తన్నేటప్పుడు తిరిగి కుదించుకుంటూ ప్రతి అడుగుకూ కొంత శక్తిని ఆదా చేస్తుంది.

నడిచేటప్పుడు దీని మీద పడే లాగుడు శరీర బరువుకు సుమారు 3 రెట్లు. పరిగెత్తేటప్పుడు, వేగాన్ని బట్టి, 5 నుంచి 8 రెట్ల దాకా ఉంటుందని అంచనా. ఒక లెక్క వేసి చూద్దాం. 70 కిలోల మనిషి 10 కిలోమీటర్లను 70 నిమిషాల్లో పరిగెత్తాడు. నిమిషానికి 165 అడుగులు వేస్తే మొత్తం 11,550 అడుగులు, అంటే ఒక్కో కాలికి 5,775. మధ్యస్థంగా 6 రెట్లు అనుకుంటే ఒక్కో అడుగుకు 420 కిలోల లాగుడు. 420 కిలోలు, 5,775 సార్లు, ఒక్క ఉదయం పూట. నడిస్తే ఏమీ అనిపించని కాలు పరుగులో ఎందుకు నొప్పి పెడుతుందో ఈ లెక్కలోనే ఉంది.

ఈ అంకె అందరికీ, అన్ని రోజులూ ఒకేలా ఉండదు. వేగం పెరిగితే పెరుగుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు పిక్క ఎక్కువ పని చేస్తుంది. మడమ కాకుండా పాదం ముందుభాగం మొదట నేలకు ఆనేలా పరిగెత్తినా, మడమ వైపు ఎత్తు తక్కువున్న షూలు వేసుకున్నా భారం మోకాలి నుంచి చీలమండ వైపు జరుగుతుంది. అందుకే వారానికి పరిగెత్తే కిలోమీటర్లు మారకపోయినా, షూలు మార్చినప్పుడో ఫ్లైఓవర్ల రూటుకు వెళ్లినప్పుడో నొప్పి మొదలవుతుంది.

ఇది అరుదైన సమస్య కాదు. ఫిన్లండ్‌లో మాజీ ఎలైట్ రన్నర్లపై చేసి 2005లో ప్రచురించిన అధ్యయనంలో సగం మందికి పైగా జీవితంలో ఎప్పుడో ఒకసారి ఈ నొప్పిని అనుభవించినవాళ్లే.

వాపా, అరుగుదలా?

చాలాకాలం దీన్ని టెండనైటిస్ అన్నారు, అంటే వాపుతో కూడిన జబ్బు. ఐస్, విశ్రాంతి, వాపు తగ్గించే మాత్రలు ఆ ఆలోచన నుంచే వచ్చాయి. 1990లలో శస్త్రచికిత్సలో తీసిన టెండన్ ముక్కలను మైక్రోస్కోపు కింద చూసినప్పుడు మామూలు వాపులో కనిపించాల్సిన కణాలు పెద్దగా కనబడలేదు. బదులుగా, వరసగా ఉండాల్సిన కొల్లాజెన్ పోగులు చెదిరిపోయి, మధ్యలో నీరు పట్టి, లోపలికి కొత్త రక్తనాళాలు, నరాలు పాకి ఉన్నాయి. 1998లో నికోలా మాఫుల్లి, మరికొందరు పరిశోధకులు దీన్ని టెండినోపతీ అందామని ప్రతిపాదించారు. కారణం మీద ముందే తీర్పు ఇవ్వకుండా, నొప్పి, ఉబ్బు, పనితీరు తగ్గడం అనే మూడు లక్షణాలను మాత్రమే సూచించే పేరు అది.

అంతటితో వాదన ముగియలేదు. తర్వాతి పరిశోధనల్లో, ముఖ్యంగా ఆక్స్‌ఫర్డ్‌లో జరిగిన పనిలో, వాపుకు సంబంధించిన కణాలూ సంకేతాలూ ఈ టెండన్లలో ఉన్నాయని తేలింది. కాబట్టి వాపు అస్సలు లేదనడం కూడా తప్పే. అది పాత పుస్తకాల్లో రాసినంత సూటిగా లేదు, వాపు మాత్రలతో మూలం పోదు అన్నంత వరకు ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటారు.

ఇక్కడ చెప్పుకోవాల్సిన పరిశోధన ఇంకొకటి ఉంది. 1955 నుంచి 1963 దాకా జరిగిన అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ బాగా పెరిగింది. ఆ రోజుల్లో పెరుగుతున్న పిల్లల శరీరాల్లోకి అది చేరింది. దాని ఆనవాళ్లను కొలిచి, అకిలీస్ టెండన్ లోపలి పొరల్లో ఉండే కణజాలం సుమారు 17 ఏళ్ల వయసు తర్వాత దాదాపు మారదని డెన్మార్క్ పరిశోధకులు 2013లో చూపించారు. కండరంలా, ఎముకలా అది తనను తాను మళ్లీ మళ్లీ కొత్తగా కట్టుకోదు.

మరి ఎలా బాగుపడుతుంది? చెదిరిన భాగం మళ్లీ పాతరూపానికి రాకపోవచ్చు. కానీ చుట్టూ ఉన్న మంచి కణజాలం భారం మోయడానికి అలవాటు పడుతుంది, పిక్క కండరం బలపడుతుంది, నొప్పి సంకేతాలు తగ్గుతాయి. స్కాన్ రిపోర్టు చూసి బెంబేలెత్తేవాళ్లు తెలుసుకోవాల్సింది ఇదే. ఏ నొప్పీ లేని రన్నర్లలో కూడా అల్ట్రాసౌండ్‌లో మార్పులు కనిపిస్తాయి, నొప్పి పూర్తిగా పోయినవాళ్లలోనూ మిగిలే ఉంటాయి. రిపోర్టులోని 'డీజెనరేషన్' (అరుగుదల) అనే మాటకూ కాలు ఎంత పరుగు మోయగలదన్న ప్రశ్నకూ నేరుగా సంబంధం లేదు.

నొప్పి మడమ ఎముక దగ్గరా, దానికి పైనా?

ఒక్క వేలితో నొప్పి చోటు చూపించమంటే కొందరు మడమ ఎముకకు 2 నుంచి 6 సెంటీమీటర్ల పైన పట్టుకుంటారు. ఇది మధ్యభాగపు నొప్పి. ఇంకొందరు సరిగ్గా టెండన్ ఎముకకు అతుక్కునే చోట చూపిస్తారు. పేరు ఒకటే అయినా ఈ రెండూ ఒకేలా నడుచుకోవు.

అతుకు దగ్గర లాగుడుతోపాటు ఒత్తిడి కూడా ఉంటుంది. పాదం పైకి వంగినప్పుడు టెండన్ మడమ ఎముక పైఅంచుకు ఆని నొక్కుకుంటుంది. బావిగట్టు అంచుకు ఒరుసుకునే చేదతాడు లాంటి పరిస్థితి. మెట్టు అంచున నిలబడి మడమను కిందికి దించే వ్యాయామం మధ్యభాగపు నొప్పికి బాగా పనిచేసి, ఇక్కడ అంతగా పనిచేయకపోవడానికి అదే కారణమని భావిస్తారు. 2003లో స్వీడన్‌లో చేసిన అధ్యయనంలో ఆ వ్యాయామంతో మధ్యభాగపు నొప్పి ఉన్నవాళ్లలో 89 శాతం మందికి మంచి ఫలితం వస్తే, అతుకు దగ్గర నొప్పి ఉన్నవాళ్లలో 32 శాతం మందికే వచ్చింది. తర్వాత మడమను నేల మట్టం కన్నా కిందికి దించకుండా చేయించి చూస్తే, 2008 నాటి చిన్న అధ్యయనంలో ఆ శాతం 67కు చేరింది.

గోడకు చేతులానించి పిక్కను గట్టిగా స్ట్రెచ్ చేయడం, గొంతుక్కూర్చోవడం, ఇంట్లో రోజంతా వట్టి కాళ్లతో తిరగడం, విశాఖ బీచ్‌లో మడమ దిగబడే ఇసుకలో పరిగెత్తడం లాంటివన్నీ ఈ రెండో రకంవాళ్లను ఎక్కువ ఇబ్బంది పెట్టడానికీ ఇదే వివరణ. స్ట్రెచింగ్ మంచిదా చెడ్డదా అన్న వాదనలో ఇద్దరూ నిజమే చెబుతుండొచ్చు, వాళ్లకు నొప్పి వచ్చిన చోట్లు వేరు.

శస్త్రచికిత్స దొరకని సర్జన్

ఈ నొప్పికి వ్యాయామమే మందు అన్న ఆలోచన బలపడటం వెనక ఒక విచిత్రమైన సంఘటన ఉంది. స్వీడన్‌లోని ఉమియోలో పనిచేసే ఎముకల సర్జన్ హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్‌కు స్వయంగా అకిలీస్ నొప్పి ఉండేది. ఆపరేషన్ చేయమని అడిగితే ఆయన పై అధికారి ఒప్పుకోలేదు. టెండన్ తెగితే ఎలాగూ ఆపరేషన్ చేయాల్సి వస్తుందని, దాన్ని తెంపుకోవడానికే నొప్పి పెట్టే వ్యాయామం మొదలుపెట్టారు. తెగలేదు, నొప్పి తగ్గింది.

1998లో ఆయన బృందం 15 మంది సరదా రన్నర్ల మీద దీన్ని పరీక్షించి ప్రచురించింది. మెట్టు అంచున నిలబడి, రెండు కాళ్లతో పైకి లేచి, నొప్పి ఉన్న కాలి మీదే మడమను నెమ్మదిగా కిందికి దించాలి. కండరం బరువు మోస్తూనే సాగే ఇలాంటి కదలికను ఎక్సెంట్రిక్ అంటారు. మోకాలు నిటారుగా ఉంచి 15 చొప్పున 3 సార్లు, వంచి మరో 3 సార్లు. రోజుకు రెండు పూటలా కలిపి 180. ఇలా 12 వారాలు. ఆ 15 మందీ మళ్లీ పరుగులోకి వచ్చారు. మోకాలు వంచి చేయడం వెనక ఉద్దేశం సోలియస్‌కు పని చెప్పడం.

రోజుకు 180 సార్లు చేయడం ఉద్యోగస్థులకు తేలిక కాదు. 2015లో డెన్మార్క్ పరిశోధకులు 58 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఈ పద్ధతి, మరో గుంపుకు వారానికి మూడుసార్లు మాత్రమే జిమ్‌లో ఎక్కువ బరువులతో, ఒక్కో కదలికకు 6 సెకన్లు పట్టేలా నెమ్మదిగా చేసే వ్యాయామం. మొదట 15 సార్లు మాత్రమే ఎత్తగలిగే బరువుతో మొదలై, క్రమంగా 6 సార్లకు మించి ఎత్తలేనంత బరువు దాకా వెళ్లారు. ఏడాది తర్వాత రెండు గుంపులూ దాదాపు సమానంగా బాగుపడ్డాయి. కిందికి దించడంలో ఏదో ప్రత్యేకత ఉందన్న నమ్మకం దీనితో సడలింది. నా దృష్టిలో ఈ రంగంలో సామాన్య రన్నర్లకు అన్నిటికన్నా ఊరటనిచ్చిన ఫలితం ఇదే. తగినంత బరువు, నిదానం, వారాల తరబడి కొనసాగింపు ఉంటే పద్ధతి ఎంచుకునే వీలుంది.

నొప్పితో పరిగెత్తవచ్చా: ఒక వారం డైరీ

2007లో గోథెన్‌బర్గ్‌కు చెందిన కారిన్ సిల్బర్నాగెల్ బృందం 38 మందితో ఈ ప్రశ్నకు జవాబు వెతికింది. సగం మంది మొదటి ఆరు వారాలు పరుగు, గెంతులు మానేశారు. మిగతా సగం మంది కొన్ని హద్దుల్లో కొనసాగించారు. 0 నుంచి 10 దాకా ఉండే కొలతలో నొప్పి 5 దాటకూడదు, మర్నాడు పొద్దుటికి సద్దుమణగాలి, వారం వారం పెరుగుతూ పోకూడదు. ఏడాదికి రెండు గుంపులూ బాగుపడ్డాయి, కొనసాగించినవాళ్లకు నష్టమేమీ జరగలేదు.

ఇందులో తరచూ జారిపోయే విషయం ఒకటుంది. రెండు గుంపులూ ఒకే పిక్క వ్యాయామాలు చేశాయి. పరుగు ఆపినవాళ్లు ఊరికే కూర్చోలేదు.

ఈ హద్దులు ఆచరణలో ఎలా ఉంటాయో చూడటానికి రవి అనే 42 ఏళ్ల రన్నరును ఊహించుకుందాం. మధ్యభాగపు నొప్పి, మామూలుగా పొద్దున పట్టేసినట్టు ఉండటం 2 స్థాయిలో. మంగళవారం 5 కిలోమీటర్లు చదును దారిలో నెమ్మదిగా పరిగెత్తాడు, నొప్పి 2. బుధవారం పొద్దున 2, ఎప్పటిలాగే. గురువారం 6 కిలోమీటర్లు, మధ్యలో నాలుగు వేగపు పరుగులు, నొప్పి 4. హద్దులోనే ఉన్నట్టు. కానీ శుక్రవారం పొద్దున 5, మధ్యాహ్నం దాకా మెట్లు దిగడం కష్టమైంది. ఆదివారం 10 కిలోమీటర్లు ఫ్లైఓవర్లతో. ఒళ్లు వేడెక్కాక నొప్పి 1 మాత్రమే, హాయిగా అనిపించింది. సోమవారం పొద్దున 6.

పరుగు మధ్యలోని నొప్పిని మాత్రమే చూస్తే ఆదివారమే అన్నిటికన్నా మంచి రోజు. మర్నాడు పొద్దున చూస్తే అదే అన్నిటికన్నా భారమైన రోజు. వేడెక్కిన టెండన్ చెప్పేదానికన్నా మర్నాటి ఉదయం చెప్పేదానికి ఫిజియోలు ఎక్కువ విలువ ఇచ్చేది అందుకే. ఇదే డైరీ మరో సంగతి కూడా బయటపెడుతుంది. చదును దారిలో నెమ్మది పరుగును రవి కాలు తట్టుకుంటోంది, తట్టుకోలేనిది వేగాన్ని, ఎత్తును. 21 కిలోమీటర్ల వారాన్ని సున్నాకు దించాల్సిన అవసరం ఈ అంకెల్లో కనిపించదు.

విశ్రాంతి వైపు ఉన్న వాదన

విశ్రాంతి చెప్పే డాక్టర్లను కొట్టిపారేయడం న్యాయం కాదు. జిల్ కుక్, క్రెయిగ్ పర్డమ్ అనే పరిశోధకులు 2009లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం టెండన్ జబ్బుకు దశలుంటాయి. హఠాత్తుగా భారం పెరిగినప్పుడు టెండన్ ఉబ్బి, ముట్టుకుంటే నొప్పి పెట్టే మొదటి దశలో కొన్ని రోజులు భారం తగ్గించడమే మేలు. ఆ సమయంలో బరువులు మొదలుపెట్టి మరింత బాధపడినవాళ్లూ ఉన్నారు.

చిక్కంతా ఆ కొన్ని రోజులు ఆరు వారాలై, ఆ ఆరు వారాల్లో ఇంకేమీ చేయనప్పుడు వస్తుంది. నొప్పి పోతుంది. ఈలోగా పిక్క బలహీనపడుతుంది, టెండన్ మోయగల భారం తగ్గుతుంది. అదే పాత దూరంతో మళ్లీ మొదలుపెడితే రెండు వారాల్లో నొప్పి తిరిగొస్తుంది. సిల్బర్నాగెల్ బృందమే 2007లో ప్రచురించిన మరో పత్రం దీనికి బలం. వ్యాయామ చికిత్స చేసిన ఏడాదికి లక్షణాలు పూర్తిగా పోయినవాళ్లను పరీక్షిస్తే, నాలుగో వంతు మందికే పిక్క, టెండన్ పనితీరు పూర్తిగా తిరిగొచ్చింది.

షూలో మడమ కింద పెట్టే చిన్న మెత్తల విషయంలోనూ ఇదే తేడా పనికొస్తుంది. 2021లో ఆస్ట్రేలియాలో 100 మందిపై చేసిన అధ్యయనంలో, 12 వారాలకు ఎక్సెంట్రిక్ వ్యాయామం కన్నా ఈ మెత్తలే ఎక్కువ మేలు చేశాయి. వ్యాయామ పక్షానికి ఇది మింగుడుపడని ఫలితం, అయినా పక్కన పెట్టేయదగ్గది కాదు. మెత్తలు టెండన్ మీద భారాన్ని తగ్గించి త్వరగా ఊరట ఇస్తాయి, అవి పిక్కను బలపరచవు. రెండూ కలిపి వాడటాన్ని ఏ పక్షమూ తప్పుపట్టదు.

ఇంజెక్షన్ల సంగతి

మన సొంత రక్తం నుంచి తీసిన ప్లేట్‌లెట్ ప్లాస్మాను టెండన్‌లోకి ఎక్కించే పద్ధతి, అంటే పీఆర్పీ, నగరాల్లో బాగా ప్రచారంలో ఉంది, ఖర్చూ తక్కువేం కాదు. 2010లో నెదర్లాండ్స్‌లో 54 మందిపై, 2021లో బ్రిటన్‌లో 240 మందిపై చేసిన పరీక్షల్లో మధ్యభాగపు నొప్పికి అది ఉత్తుత్తి ఇంజెక్షన్ కన్నా మెరుగని తేలలేదు.

స్టెరాయిడ్ మీద అభిప్రాయాలు ఇంకా చీలి ఉన్నాయి. టెండన్ తెగిన ఉదంతాల వల్ల చాలామంది దాన్ని దూరం పెడతారు. అయితే డెన్మార్క్‌లో 100 మందిపై చేసి 2022లో ప్రచురించిన పరీక్షలో, అల్ట్రాసౌండ్ చూస్తూ టెండన్ లోపలికి కాకుండా దాని ముందువైపు ఇచ్చి, వ్యాయామం కూడా చేయిస్తే ఆరు నెలలకు వ్యాయామం ఒక్కటే చేసినవాళ్లకన్నా మెరుగ్గా ఉన్నారు. ఎక్కడ, ఎలా ఇచ్చారన్నది ఇక్కడ కీలకం. నొప్పి చోట గుడ్డిగా గుచ్చడానికి ఈ పరీక్ష సమర్థన కాదు.

ఈ లెక్కకు అందని కొన్ని నొప్పులు

వెనక నుంచి ఎవరో తన్నినట్టు అనిపించి, 'టప్' మని చప్పుడై, మునివేళ్ల మీద లేవలేకపోతే అది తెగిన టెండన్ కావచ్చు. బోర్లా పడుకోబెట్టి పిక్కను నొక్కితే పాదం కదలాలి, కదలకపోతే అనుమానం బలపడుతుంది. ఇది ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాల్సిన విషయం.

సిప్రోఫ్లోక్సాసిన్, లెవోఫ్లోక్సాసిన్, ఒఫ్లోక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ టెండన్‌ను దెబ్బతీయగలవని అమెరికా ఎఫ్‌డీఏ 2008లో పెట్టె కట్టి మరీ హెచ్చరిక ముద్రించమంది. 60 ఏళ్లు దాటినవాళ్లకు, స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లకు ప్రమాదం ఎక్కువ. విరేచనాలకో మూత్రంలో ఇన్ఫెక్షన్‌కో ఈ మందులు మన దగ్గర చీటీ లేకుండానే కొనేవాళ్లు ఉన్నారు, పైగా ప్రభావం కొన్ని నెలల తర్వాత కూడా బయటపడొచ్చు. పరుగులో ఏ మార్పూ లేకుండా రెండు మడమలూ ఒకేసారి నొప్పి పెడితే ఈమధ్య వాడిన మందుల పేర్లు డాక్టరుకు చెప్పాల్సిందే.

షుగర్ ఉన్నవాళ్లలో టెండన్ కొల్లాజెన్ బిగుసుకుపోతుంది, కోలుకోవడమూ నెమ్మదిస్తుంది. చిన్న వయసులోనే రెండు టెండన్లూ గడ్డలు కట్టినట్టు మందంగా ఉంటే వంశపారంపర్య కొలెస్ట్రాల్ జబ్బును అనుమానించి రక్తపరీక్ష చేయిస్తారు. మడమ నొప్పితోపాటు పొద్దున్నే అరగంటకు మించి నడుము బిగుసుకుపోవడం, సోరియాసిస్ లాంటివి ఉంటే రుమటాలజిస్టు (కీళ్లవాతం డాక్టరు) చూడాల్సిన కేసు.

బాగుపడటానికి ఎంతకాలం?

చికిత్సా పరీక్షల్లో ఎక్కువ భాగం 12 వారాల వ్యాయామాన్ని కొలమానంగా తీసుకున్నాయి. ఆ 12 వారాలు మార్పు గట్టిగా కనిపించడానికి పట్టే సమయం, పూర్తిగా కోలుకోవడానికి కాదు. జూలై మధ్యలో నొప్పి మొదలైన మనిషికి ఆగస్టు చివరి ఆదివారానికి ఉండేది ఆరు వారాలే. రవి హాఫ్ మారథాన్‌కు బదులు 10కె ఎంచుకుంటే అది భయంతో చేసిన పని కాదు, క్యాలెండర్ చూసి చేసిన పని. తిరిగి పెంచేటప్పుడు సాధారణంగా పాటించే వరస కూడా భారం లెక్కనే అనుసరిస్తుంది. ముందు చదును దారిలో దూరం, తర్వాత ఎత్తులు, అన్నిటికన్నా చివర వేగం. కష్టమైన రెండు పరుగుల మధ్య రెండు మూడు రోజుల ఎడం.

నెదర్లాండ్స్‌లో ఎక్సెంట్రిక్ వ్యాయామం చేసిన 58 మందిలో అందుబాటులో ఉన్నవాళ్లను ఐదేళ్ల తర్వాత మళ్లీ చూసి 2012లో ఫలితాలు ప్రచురించారు. నొప్పినీ పనితీరునూ కలిపి 100కు కొలిచే స్కోరు మొదట్లో సగటున 50 దగ్గర ఉండేది, ఐదేళ్లకు 80 దాటింది. నొప్పి ఛాయలు కూడా లేనివాళ్లు దాదాపు 40 శాతం. మిగతావాళ్లలో అప్పుడప్పుడూ ఎంతో కొంత నొప్పి మిగిలే ఉంది.